గ్రామీణ స్త్రీలు – స్వీయ నమూనా పరీక్ష

మన దేశ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తరువాత అధికంగా కనిపించేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 1,27,000 మంది కొత్తగా దీని వాత పడ్డారు; దాదాపు 80,000 మంది మరణించారు. ముందుగా పసిగట్టడానికి ఎంతో వ్యవధినిచ్చే వ్యాధికి ఇంతమంది బలి కావడం విచారకరం.

దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ సంబంధాన్ని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ సోకినవారిలో అధికశాతం మందికి రెండేళ్ళలోపే అది దానంతటదే తొలగిపోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠవేసి, సాధారణంగా పదిహేను ఇరవై ఏళ్ళలో క్యాన్సర్‌గా పరిణమిస్తుంది. బాలికలకు టీకా ఉన్నది. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు. కనుక తల్లులకు పరీక్షే శరణ్యం.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని తేలింది. దీనిని అజ్ఞానమని కొట్టిపారేయడం పరిపాటి. అది న్యాయం కాదు. పట్టణంలోని ఆసుపత్రికి వెళ్ళాలంటే కూలీ స్త్రీకి ఆనాటి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు తోడవుతాయి. ఇంట్లో “ఏ రోగమూ లేనిదే ఆసుపత్రి ఎందుకు?” అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. అన్నిటినీ దాటి వెళ్ళినా, అపరిచితుల ఎదుట బల్లపై పడుకొని పరీక్షకు ఒప్పుకోవాలి. ఆ సంకోచాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేము.

స్వీయ నమూనా సేకరణ ఆ సంకోచాన్ని గౌరవించే పద్ధతి. ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన చిన్న బ్రష్షును గాని, దూది చుట్టిన పుల్లను గాని స్త్రీ తన ఇంట్లోనే, తలుపు వేసుకొని, యోనిలోనికి పోనిచ్చి కొన్నిసార్లు తిప్పి, గొట్టంలో ఉంచి తిరిగి ఇస్తుంది. ప్రయోగశాలలో అందులో వైరస్ జన్యుపదార్థం ఉన్నదీ లేనిదీ చూస్తారు. పి.సి.ఆర్. విధానంలో పరీక్షించినప్పుడు ఈ నమూనా, వైద్యులు సేకరించిన నమూనాకు దాదాపు సమానంగా పనిచేస్తుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. కణాలను సూక్ష్మదర్శినితో చూసే పాప్ పరీక్షకు మాత్రం ఇది పనికిరాదు. మన తెలుగునాట మేడ్చల్ పరిసర గ్రామాలలో ఈ పద్ధతిని పరిశీలించిన అధ్యయనం 2009లోనే వెలువడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలలో దీనిని ఆమోదించింది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు అయిదు నుండి పదేళ్ళకొకసారి వైరస్ పరీక్ష చేయించుకుంటే చాలునన్నది.

ఒక్క పరీక్షతో ఏమవుతుందని సందేహించేవారు మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాను చూడవచ్చు. అక్కడి గ్రామాలలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి వైరస్ పరీక్ష, అవసరమైనవారికి చికిత్స అందించిన సమూహంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ నమూనాలు తీసినవారు ఆరోగ్య సిబ్బందే అన్న మాట నిజమే. కాని ఆ ఫలితానికి కారణం పరీక్షా, దాని వెంట నడిచిన చికిత్సా రెండూ.

అసలు చిక్కు అక్కడే ఉన్నది. వైరస్ ఉన్నదన్న ఫలితం క్యాన్సర్ ఉన్నదని చెప్పదు. ఆ సంగతి ఓపికగా వివరించేవారు లేకపోతే ఇంటిల్లిపాదీ భయపడతారు. ఇది లైంగికంగా సంక్రమించేది కావడంతో అనుమానాలూ తలెత్తవచ్చు. ఎన్నో ఏళ్ళ క్రితం సోకినదైనా ఇప్పుడు బయటపడవచ్చు గనుక దానితో ఎవరి శీలాన్నీ తూచరాదు. ఆ తరువాత ఆమెను వైద్యశాలలో పరీక్షించాలి; తగిన సందర్భాలలో వేడితో ఆ కణజాలాన్ని నిర్మూలించే చికిత్స కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది. ఆ వైద్యశాల అందుబాటులో లేకపోతే, ఇంటి వద్ద జరిగిన పరీక్ష ఆమెకు మిగిల్చేది దిగులే.

నెలసరి కాని రోజులలో గాని, ముట్లుడిగిన తరువాత గాని రక్తస్రావం కనిపిస్తే మాత్రం ఈ పరీక్షకై వేచి ఉండక నేరుగా వైద్యులను సంప్రదించాలి.