మొదటి ఎర్రర్ దగ్గరే ఆగండి

ఆకివీడు స్టేషన్‌లో పొద్దున్నే భీమవరం బండి ఎక్కే ఇంజినీరింగ్ పిల్లలకూ, తాడేపల్లిగూడెం నిట్‌లోనో ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీలోనో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చేవాళ్లకూ ఒక పని చెబుతున్నాను. ఇంట్లో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ దుమ్ము దులపండి. దాని మీద సొంతంగా లినక్స్ కట్టండి. 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కి ఎక్కించే లినక్స్ సంగతి నేను చెప్పడం లేదు. సోర్స్ కోడ్ తెచ్చుకుని, ఒక్కొక్క భాగాన్నీ మీ చేత్తో కంపైల్ చేసి నిలబెట్టాలి. మొదటిసారే అది సజావుగా లేస్తుందని ఆశపడకండి. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగిన ఆ రాత్రి మీరు ఎలా నడుచుకుంటారో, రేపు ఉద్యోగంలోనూ వ్యాపారంలోనూ దాదాపు అలాగే నడుచుకుంటారు. అందుకే ఆ రాత్రి గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

దారి చూపే పుస్తకం ఒకటుంది. పేరు 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్'. గెరార్డ్ బీక్‌మన్స్ అనే ఆయన 1999లో మొదలుపెట్టాడు. ఇప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే బృందం నడుపుతోంది. ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి కొత్త కూర్పు వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. డిస్క్‌లో 30 జీబీ ఖాళీ ఉంటే హాయిగా సరిపోతుంది. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి, ఏ పనికి ఎంతసేపు పడుతుందో గంటల్లో చెప్పకపోవడం. మొట్టమొదట కట్టే బిన్‌యుటిల్స్ అనే ప్యాకేజీకి మీ కంప్యూటర్ ఎంత సమయం తీసుకుంటే అదే ఒక కొలత. మిగతావన్నీ దానికి ఎన్ని రెట్లో చెబుతారు. ఎవరి యంత్రానికి వాళ్ల గడియారం. పక్కింటి అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్‌లో గంటలో ముగిసిన పని మీ పాత డబ్బాలో తెల్లవార్లూ నడిస్తే నడవనివ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. నాన్నగారి చెరువుల లెక్కలు, మేత బిల్లులు ఉన్న కంప్యూటర్ జోలికి వెళ్లొద్దు. వేరే యంత్రం లేకపోతే దాని డిస్క్ పార్టిషన్లు ముట్టకుండా వర్చువల్‌బాక్స్‌లో కట్టుకోండి.

ఇక అసలు విషయం. కంపైల్ పనులు నడిపే మేక్ అన్న కమాండ్ కొట్టారు. తెర మీద వరుసలు జరజరా పైకి పోయాయి. చివర 'ఎర్రర్ 2' అని పడి ఆగింది. చాలామంది ఆ చివరి వరుసను కాపీ చేసి గూగుల్‌లో వేస్తారు. దానివల్ల ఏమీ తేలదు. నేను అప్పజెప్పిన పని కింద ఎక్కడో చెడింది అని మేక్ చెప్పే మాట అది, అంతే. ఏం చెడిందో పైన ఉంటుంది. పైకి వెళ్లండి. ఎర్రర్ అన్న మాట మొట్టమొదట ఎక్కడ కనపడిందో అక్కడ ఆగండి. దాని తర్వాత వచ్చినవి చాలావరకు దాని పిల్లలే. నాలుగు పనులు ఒకేసారి నడపమని మేక్‌కు చెప్పి ఉంటే, ఒకటి చెడ్డాక కూడా మిగతా మూడూ కాసేపు నడుస్తూ తమ కబుర్లు రాస్తూనే ఉంటాయి. అసలు సంగతి ఇంకా పైకి పోతుంది. అప్పుడు ఒక్కో పనే చేసేలా మళ్లీ నడపండి, చెడిన చోటే ఆగుతుంది. కాన్ఫిగర్ దశలోనే ఆగిపోతే అదే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్ తెరవండి. తెర మీద 'సీ కంపైలర్ పనిచేయడం లేదు' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నా, ఏ పరీక్ష చేసి చూసిందో, కంపైలర్ ఏమని జవాబిచ్చిందో లాగ్‌లో పూసగుచ్చినట్టు ఉంటుంది.

ఇంటర్వ్యూలో తప్పినవాళ్లు కూడా చివరి వరుసే చదువుతారు. 'నాకు అదృష్టం లేదు' అన్నది చివరి వరుస. పైకి వెళ్లి చూడండి. రెండో ప్రశ్నకు తెలియదని చెప్పకుండా ఏదో అల్లి చెప్పారు. దాన్ని నిలబెట్టుకోవడానికి మూడో ప్రశ్నలో ఇంకోటి అల్లారు. ఆ తర్వాత మాట తడబడింది. తడబాటు మీద పనిచేస్తే లాభం లేదు, రెండో ప్రశ్న దగ్గర ఆగాలి.

కరెంటు పోయి వచ్చాక జరిగే తప్పుల గురించి విడిగా చెప్పాలి. పుస్తకం మొదట్లోనే ఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఒక వేరియబుల్ పెట్టుకోమంటుంది. మీరు కడుతున్న లినక్స్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో అది చెబుతుంది. యంత్రం ఆగి మళ్లీ లేచాక ఆ వేరియబుల్ ఖాళీగా ఉండొచ్చు. పార్టిషన్ మౌంట్ అయి ఉండకపోవచ్చు. ఆ సంగతి చూసుకోకుండా ఆపిన చోటి నుంచి కమాండ్లు కొట్టుకుంటూ పోతే, కొత్త ఇంటికి వెళ్లాల్సిన ఫైళ్లు మీరు కూర్చుని పనిచేస్తున్న, ముందే ఎక్కించి ఉన్న లినక్స్ మీదే పడతాయి. ఒక్క ఎకో కమాండ్, ఒక్క మౌంట్ కమాండ్ కొట్టి చూసుకుంటే తప్పిపోయేది. పని మధ్యలో వదిలి లేచినవాళ్లు తిరిగి కూర్చోగానే ముందు చేయాల్సింది ఎక్కడున్నామో చూసుకోవడం. సెమిస్టర్ సెలవుల తర్వాత పుస్తకం పట్టేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

అన్నీ కట్టారు, రీబూట్ చేశారు, 'కెర్నల్ ప్యానిక్' అని వచ్చింది. పేరు భయపెట్టేదే. కానీ ఇంత నిక్కచ్చిగా మాట్లాడే ఎర్రర్ ఇంకోటి దొరకడం కష్టం. రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని చెప్పి, అన్‌నోన్-బ్లాక్ అని రాసి, పక్కన బ్రాకెట్లో రెండు అంకెలు వేస్తుంది. ఆ అంకెలు చదవండి. 0,0 అని ఉంటే మీరు చెప్పిన డిస్కే కెర్నల్‌కు దొరకలేదు. గ్రబ్ అనే బూట్‌లోడర్ ఫైల్‌లో పార్టిషన్ పేరు తప్పు రాశారు, లేదా ఆ డిస్క్ కంట్రోలర్ డ్రైవర్‌ను కెర్నల్‌లో కలపలేదు. ఈ రెండిట్లో ఏదో కూడా అదే తెర చెబుతుంది: కొంచెం పైన, తనకు కనపడిన పార్టిషన్ల జాబితా కెర్నల్ అచ్చువేస్తుంది. జాబితాలో మీ డిస్క్ వేరే పేరుతో ఉంటే తప్పు పేరుది. జాబితాలో అసలు లేకపోతే తప్పు డ్రైవర్‌ది. అదే 8,2 అని ఉంటే డిస్క్ కనపడింది, రెండో పార్టిషన్ కూడా దొరికింది, అందులో ఉన్నది చదవడం మాత్రం రాలేదు. ఫైల్ సిస్టమ్ సపోర్ట్ కలిపారో లేదో చూడండి. అదీ కెర్నల్ లోపలే ఉండాలి, విడి మాడ్యూల్‌గా కుదరదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (డిస్క్ తెరవకముందే మెమరీలోకి ఎక్కే చిన్న వ్యవస్థ) పెట్టుకోని వ్యవస్థలో మాడ్యూల్ ఉండేది డిస్క్ లోపల, ఆ డిస్క్ తెరవడానికి కావాల్సింది ఆ మాడ్యూల్. ఉబుంటులో చూసి డిస్క్ గుర్తును యూయూఐడీగా రాసేవాళ్లు కూడా ఆ 0,0 దగ్గరే ఆగుతారు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేని కెర్నల్‌కు అది తెలియదు, పార్ట్‌యూయూఐడీ రాస్తే తెలుస్తుంది.

భయపడ్డవాళ్లు ఇదంతా చదవరు. తెర నల్లగా కనపడగానే మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు. మీరు కట్టింది ఒక్క ఫైల్ కూడా ఎక్కడికీ పోలేదు. పెన్‌డ్రైవ్‌లో ఏదో ఒక లినక్స్ పెట్టి బూట్ చేయండి, మీ పార్టిషన్ మౌంట్ చేయండి, సీహెచ్‌రూట్‌తో లోపలికి వెళ్లి ఆ ఒక్క వరుస సరిచేయండి. రేపు పరీక్ష ఉంది, కంప్యూటర్ ఇప్పుడే కావాలి అంటే తుడిచేసి తయారు లినక్స్ ఎక్కించుకోవడమే సరైన పని, అందులో ఓటమి లేదు. కానీ తొందర లేనప్పుడు కూడా తుడిచేసేవాళ్లు కారణాన్ని తమ చేతులతోనే తుడిచేస్తున్నారు. అది మళ్లీ వస్తుంది.

చెరువు గట్ల మీద పెరిగినవాళ్లకు నేను చెప్పబోయేది ఇట్టే అర్థమవుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. రాత్రంతా చేపలూ నాచూ అడుగు బురదా అన్నీ నీళ్లలోని ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ లేక కొత్తది తయారు కాదు, అందుకే ఆ వేళకు అది బాగా పడిపోతుంది. అనుభవమున్న రైతు ఏరియేటర్లు వేసి ముందు ప్రాణాలు నిలబెడతాడు. తర్వాత మీటరు పెడతాడు. ఆక్సిజన్ ఎంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత? ఏది తేడాగా ఉందో దానికే మందు. కంగారుపడ్డ రైతు షాపుకు పరుగెత్తి సున్నం, జియోలైట్, ప్రోబయోటిక్, షాపువాడు చేతికిచ్చిన ఇంకో డబ్బా, అన్నీ ఒకే పూట చల్లేస్తాడు. చేపలు బతికితే ఏది బతికించిందో తెలియదు, చస్తే ఏది చంపిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అన్నీ కొంటాడు. మీరు కెర్నల్ కాన్ఫిగ్‌లో ఒకేసారి ఆరు మార్పులు చేసి, గ్రబ్ ఫైల్ మార్చి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కూడా మార్చి రీబూట్ చేస్తే సరిగ్గా ఇదే చేశారన్నమాట. ఒక్క మార్పు. ఒక్క రీబూట్. ఫలితం చూశాకే రెండోది. పని చేయకపోతే ఆ మార్పును వెనక్కి తీసేసి మరీ రెండోది.

మార్పులు వందల్లో ఉంటే? పాత కాన్ఫిగ్‌తో లేచిన కెర్నల్ కొత్తదానితో లేవలేదు, రెండింటికీ వెయ్యి తేడాలున్నాయి. సగం తేడాలు పెట్టి చూడండి. లేచిందా, తప్పు మిగతా సగంలో ఉంది. ఇలా పది సార్లు సగం చేస్తే వెయ్యి ఒకటికి వస్తాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్‌లో ఈ పనికి బైసెక్ట్ అని ఒక కమాండే ఉంది.

మన భాష దగ్గరికి వద్దాం, ఇక్కడే నేర్చుకునేది ఎక్కువ. లినక్స్ మొదలైన 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పు కూడా వచ్చింది, అందులో తెలుగు ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఇచ్చారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ తెచ్చింది. తయారుగా దొరికే లినక్స్‌లో తెలుగు ఇవాళ దానంతటది వస్తుంది. మీరు కట్టినదానిలో రాదు. ఎవరో ఎంత పనిచేసి పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

'తెలుగు రావట్లేదు' అంటారు. ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనపడితే ఫాంట్ లేదు. ఎఫ్‌సీ-లిస్ట్ కమాండ్‌తో తెలుగు తెలిసిన ఫాంట్ ఏదైనా ఉందేమో అడగండి. అక్షరాలు వచ్చి ఒత్తులు కిందికి దిగకుండా విడివిడిగా నిలబడితే ఫాంట్ ఉంది, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ లేదు, లేదా సరిగ్గా కలవలేదు. ఈ హార్ఫ్‌బజ్‌కూ ఫ్రీటైప్‌కూ ఒకదాని అవసరం ఒకదానికి ఉండేది. అందుకే రెండో పుస్తకం 'బియాండ్ లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' చాలా కూర్పుల్లో ఫ్రీటైప్ కట్టి, హార్ఫ్‌బజ్ కట్టి, మళ్లీ ఫ్రీటైప్ కట్టమంది. ఒక్కో తెలుగు అక్షరం చోట మూడేసి వింత గుర్తులు వస్తే అది ఎన్‌కోడింగ్ తప్పు: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, వాటిని ఎవరో విడివిడిగా చదువుతున్నారు. భాషా సెట్టింగ్ అయిన లొకేల్ చూడండి. మొదటి పుస్తకం చూపే కనీస లొకేళ్ల జాబితాలో తెలుగు లేదు, మీరే కలుపుకోవాలి. అక్షరాలు చక్కగా కనపడుతూ టైప్ చేయడం మాత్రం రాకపోతే పైవేవీ ముట్టుకోవద్దు. టైపింగ్‌కు వాడే ఐబస్, కీబోర్డ్ లేఅవుట్ చూసుకోండి.

ఇవేవీ కాకుండా, గ్రాఫిక్స్ లేని నల్ల కన్సోల్‌లోనే తెలుగు రావాలని పట్టుబట్టేవాళ్లుంటారు. ఆ కన్సోల్ ఫాంట్‌లో 512 గుర్తులకు మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ పేర్చే పద్ధతే అందులో లేదు. ఎన్ని ఫైళ్లు మార్చినా ఫలితం ఉండదు. మన తప్పు ఏదో, ఆ వస్తువు హద్దు ఏదో తెలుసుకుంటే రాత్రులు మిగులుతాయి.

మన పిల్లలు తమ గురించి చెప్పుకునే మాటలు కూడా ఇలాగే ఉంటాయి. 'నాకు ఇంగ్లిష్ రాదు' అంటారు. చదివితే అర్థం కాదా? అర్థమవుతుంది. రాస్తే తప్పులా? పెద్దగా ఉండవు. నలుగురిలో నోరు పెగలదు, అంతే. అలాంటివాళ్లు గ్రామర్ పుస్తకం కొనుక్కుని కూర్చుంటే ఫాంట్ ఉన్నచోట ఇంకో ఫాంట్ ఎక్కించినట్టే. జబ్బుకు సరైన పేరు పెట్టేవరకూ మందు జోలికి వెళ్లకండి.

ఒక నోట్‌బుక్ కొనండి, కాగితాలదే. యంత్రం లేవనప్పుడు యంత్రంలో రాసుకున్న నోట్స్ మీకు అందదు. అందులో రాయండి: తేదీ, ఏ ఫైల్ మార్చారు, ముందు ఏముంది, ఇప్పుడేముంది, ఏం జరిగింది. ఫైల్ ముట్టుకునే ముందు దానికో నకలు తీసి పక్కన పెట్టండి. లేచిన ప్రతి కెర్నల్ కాన్ఫిగ్‌నూ బూట్ ఫోల్డర్‌లో దాచండి. నిద్ర ముంచుకొస్తుంటే కమాండ్లు కొట్టడం ఆపి పడుకోండి, డిస్క్ పేరులో ఒక్క అక్షరం మారితే వేరే పార్టిషన్ తుడిచిపెట్టుకుపోతుంది.

ఇవన్నీ చేసినా చిక్కు విడకపోతే అడగండి. సీనియర్‌కు 'అన్నా, నా లినక్స్ లేవట్లేదు, కొంచెం చూడవా' అని పంపితే ఆయన ఏం చూస్తాడు? 'అన్నా, పుస్తకంలో ఫలానా కూర్పు, కెర్నల్ అధ్యాయం వరకు అయింది. రీబూట్ చేస్తే ప్యానిక్, అంకెలు 0,0. పార్టిషన్ల జాబితా ఖాళీగా ఉంది. గ్రబ్‌లో పేరు సరిచూశాను, డ్రైవర్ కలిపాననే అనుకుంటున్నాను, తెర ఫొటో పెట్టాను' అని పంపండి. ఏ డ్రైవరో చూసి చెప్పడానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు. జవాబు వచ్చి పని జరిగాక 'థాంక్స్ అన్నా' దగ్గర ఆపేయకండి. ఏ డ్రైవర్ తప్పిపోయిందో, ఏం కలిపితే లేచిందో రాసి పంపండి. వచ్చే ఏడాది ఇదే ప్రశ్నతో ఇంకో జూనియర్ ఆయన దగ్గరికి వస్తే ఆయన మీ నంబరే ఇస్తాడు.