లివర్‌మోర్ ద్రాక్షతోటలకు సైకిల్ మీద: తిరుగు ప్రయాణం నుంచి మొదలయ్యే చిట్కాలు

లివర్‌మోర్ అనగానే బే ఏరియా తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది శివ-విష్ణు ఆలయం. గుడికి పోయే వైపు కాకుండా ఊరు దాటి దక్షిణానికి తిరిగితే టెస్లా రోడ్డు, అరోయో రోడ్డు వెంట ద్రాక్షతోటలే. వైన్ చేసే వెంటే, కాంకానన్ కుటుంబాలు రెండూ 1883లో ఇక్కడ పని మొదలుపెట్టాయి. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం ఉన్నప్పుడు చర్చి ప్రార్థనలకు కావలసిన వైన్ తయారుచేసి ఆ గండం గట్టెక్కాయి. కాలిఫోర్నియాలో పండే షార్డొనే ద్రాక్షలో ఎక్కువ భాగం వెంటే తోటలో ఎంచి పెంచిన తీగల సంతతే.

అక్టోబర్‌లో నలుగురైదుగురు స్నేహితులు అక్కడ కలుద్దామనుకుంటే కారులో అందరూ పోతారు. వాల్నట్ క్రీక్ నుంచి సైకిల్ మీద పోవడంలో ఉండే సరదా వేరు. అందుకు పట్టుకునే ఐరన్ హార్స్ ట్రయల్ ఒకప్పటి సదరన్ పసిఫిక్ రైలు దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు లేవు. అలమో, డాన్‌విల్, శాన్ రమోన్, డబ్లిన్ మీదుగా ప్లెజంటన్ చేరి, స్టాన్లీ బులవార్డ్ పక్కన ఉన్న సైకిల్ బాట పట్టుకుంటే లివర్‌మోర్. తోటల దాకా అటూ ఇటూగా 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. ఈ చిట్కాలు ఆ దారికి రాసినవే అయినా సగం పైన ఎక్కడికైనా పనికొస్తాయి.

1. ముందు ఎలా తిరిగి రావాలో తేల్చుకోండి, తర్వాతే ఎలా పోవాలో చూడండి. కాలిఫోర్నియాలో తాగి సైకిల్ తొక్కడం కూడా నేరమే; 250 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. జరిమానా సంగతి అటుంచి, చీకటి పడే వేళ అలసిన కాళ్లతో, తేలిపోతున్న తలతో రోడ్డెక్కడం తెలివైన పని కాదు. స్నేహితుల్లో ఒకరు సైకిల్ ర్యాక్ ఉన్న కారులో వచ్చేలా, ఆయనో ఆవిడో ఆ రోజు చుక్క ముట్టకుండా ఉండేలా ముందే మాట తీసుకోండి. ర్యాక్‌కు ఎన్ని సైకిళ్లు పడతాయో కూడా అడగండి. రెండు పట్టే ర్యాక్ ముందు నాలుగు సైకిళ్లు పెట్టుకుని నిలబడితే అప్పుడు చేసేదేమీ ఉండదు.

2. కారు కుదరకపోతే డబ్లిన్-ప్లెజంటన్ బార్ట్ రైలు స్టేషన్ ఉంది. సైకిల్‌ను మొదటి పెట్టెలో ఎక్కించనివ్వరు, కిక్కిరిసిన పెట్టెలోకీ తోయకూడదు. వాల్నట్ క్రీక్ వాళ్లు ఓక్లాండ్ వైపు వెళ్లి రైలు మారాలి. చుట్టుతిరుగుడే, కానీ కూర్చుని రావచ్చు. తోట నుంచి ఆ స్టేషన్ దాకా కూడా మైళ్లు ఉన్నాయని మరవకండి. ఆ ముక్క తొక్కాల్సినవాళ్లు గ్లాసు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే.

3. తేదీ పెట్టేముందు పంచాంగం చూడండి. తోటల్లో కోతల సందడి ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా. మనకు దసరా నవరాత్రులు, దీపావళి, ఆ వెంటనే కార్తీకమాసం వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఒకరికి శనివారం, ఒకరికి కార్తీక సోమవారం, ఇంకొకరి మెడలో అయ్యప్ప మాల. అందరినీ అడగకుండా వాట్సాప్ గ్రూపులో తేదీ పడేస్తే చివరికి ముగ్గురు ముడుచుకుని కూర్చుంటారు. అలాంటి వాళ్లనే కారు తోలమనడం ఒక ఉపాయం; వాళ్లూ ఒప్పుకుంటారు, మీకూ బెంగ తీరుతుంది.

4. సూర్యుడు మీకోసం ఆగడు. అక్టోబర్ మధ్యలో ఆరున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఐదు దాటగానే చీకటి. చీకట్లో ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ చట్టం ప్రకారం ఉండాలి. వెనక కూడా ఎర్ర దీపమే పెట్టుకోండి, రిఫ్లెక్టర్‌తో సరిపెట్టుకోకండి. ముందురాత్రి ఫోన్‌తో పాటు ఆ దీపాలనూ ఛార్జింగ్‌కు పెట్టండి.

5. మధ్యాహ్నం గాలి ఎక్కువగా బే వైపు నుంచి ఆల్టమాంట్ కనుమ వైపు వీస్తుంది. ఆ కనుమలో గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. పోయేటప్పుడు వెన్ను తట్టిన గాలే వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. "ఇంత తేలిగ్గా వచ్చేశామే" అని మురిసిపోయి సాయంత్రం కూడా తొక్కేద్దామని అక్కడికక్కడే నిర్ణయాలు తీసుకోకండి.

6. శరదృతువులో ఒక్కోసారి లోపలి ఎండుభూముల నుంచి సముద్రం వైపు పొడిగాలి తిరుగుతుంది. కార్చిచ్చుల భయం అప్పుడే ఎక్కువ. పొద్దున్నే గాలి నాణ్యత సూచీ చూడండి. 100 దాటితే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు సైకిల్ మానేయాలి. 150 దాటితే అందరూ కారెక్కండి.

7. సైకిల్‌ను వారం ముందే బయటికి తీయండి. బ్రేకులు నొక్కి చూసి, గాలి కొట్టి, గరాజ్‌లో రెండు రోజులు వదిలేయండి. టైరు మెత్తబడితే సన్న పంక్చర్ ఉందన్నమాట. చైనుకు వంటనూనె, కొబ్బరినూనె రాయకండి. దుమ్ము పట్టి జిగురైపోతుంది. సైకిల్ షాపులో అమ్మే చైను ఆయిల్ లింకుకు ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది పాత లుంగీ గుడ్డతో తుడిచేయండి. నూనె లోపలికి దిగాలి తప్ప పైన మెరవకూడదు.

8. పల్లేరు కాయలు. చిన్నప్పుడు పొలం గట్ల మీద ఉత్తికాళ్లతో నడిచినవాళ్లకు పరిచయం అక్కర్లేదు. ఆ మొక్కే కాలిఫోర్నియాలోనూ ఉంది. మధ్యధరా ప్రాంతం నుంచి పశువులతో పాటు అమెరికా చేరి రోడ్ల అంచుల్లో పరుచుకుంది. దాని పీడ తట్టుకోలేక 1961లో గింజను, కాండాన్ని తొలిచే రెండు రకాల ముక్కుపురుగుల్ని పరదేశం నుంచి తెచ్చి వదిలారు. పురుగులు వాటి పని అవి చేస్తున్నాయి, మొక్కా దాని పని అది చేస్తోంది. వేసవి చివరికి కాయలు ఎండి విడిపోతాయి. ఒక్కో ముక్క ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. అందుకే అక్టోబర్‌లో బాట అంచు మట్టిలోకి సైకిల్ దించకండి. ఆగాల్సివస్తే దిగి ఎత్తిపట్టుకుని పక్కకు జరగండి.

పంక్చర్ పడితే ట్యూబ్ మార్చడం ఒక్కటే చాలదు, ముల్లు మొన టైరులోనే విరిగి ఉంటుంది. టైరు లోపలి వైపు వేలు పెట్టి వెతికితే వేలికే గుచ్చుకుంటుంది. కాస్త దూదో, పాత నూలు గుడ్డో లోపల చుట్టూ తిప్పండి. ఎక్కడ పోగు తగులుకుంటే అక్కడే ముల్లు. ముళ్లు తీసే చిమటాతో లాగేయండి. ఇద్దరికి కలిపి మూడు ట్యూబులు, ఒక పంపు, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లలు ఉంటే చాలు.

9. పొద్దున ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు ఏదైనా సరే, బయల్దేరడానికి గంటన్నర ముందు తినేయండి. వడలు, పూరీలు మాత్రం వద్దు. దారిలో గంటకోసారి ఒక అరటిపండో, రెండు మూడు ఖర్జూరాలో, ఒక పల్లీ చిక్కీ బిళ్లో. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మరో కారణం కూడా ఉంది: ఖాళీ కడుపుతో తోట చేరితే మొదటి గ్లాసే తలకెక్కుతుంది.

10. రంగు రంగుల పొడులు కొనక్కర్లేదు. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ గీసినట్టు కొలిచి కలపండి. విరేచనాలప్పుడు ఇంట్లో కలిపి ఇచ్చే కొలతే ఇది. నిమ్మకాయ పిండితే దారిలోనూ తాగబుద్ధవుతుంది. రెండో సీసాలో మామూలు నీళ్లు పోసుకోండి. ముఖం కడుక్కోవడానికీ అవే.

11. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. ఈ లోయకు పేరు తెచ్చింది కూడా ఆ తేడానే: పగటి వేడికి పండు తీపెక్కుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. ద్రాక్షకు బాగానే ఉంటుంది, మనకే ఏం వేసుకోవాలో తోచదు. బరువైన జాకెట్ బదులు పల్చటివి రెండు వేసుకోండి. దినపత్రిక ఒకటి మడిచి ఛాతీ మీద చొక్కా లోపల పెట్టుకుంటే చలిగాలి ఆగుతుంది. వేడెక్కాక తీసి చెత్తబుట్టలో వేయొచ్చు. పాతకాలం సైకిల్ పందెగాళ్లు కొండ దిగేటప్పుడు చేసింది ఇదే.

12. మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. కుట్లు ఒరుసుకుని పుళ్లు పడతాయి. ఒరుసుకునే చోట కొంచెం వాజిలిన్ రాయండి. చెప్పుకోవడానికి సిగ్గుపడే చిట్కా ఇదే, 20 మైళ్ల తర్వాత అన్నిటికంటే గుర్తొచ్చేదీ ఇదే.

13. ట్రయల్ మీద వేగం గంటకు 15 మైళ్లు మించకూడదు. గంట కొట్టి, "ఎడమవైపు వస్తున్నా" అని చెప్పి దాటండి. పిల్లలు, కుక్కలు, ప్రామ్‌లు తోసే తాతయ్యలు అందరి దారీ అది. రాలిన ఆకుల కుప్ప కనిపిస్తే దాని మీద మలుపు తిప్పకండి, బ్రేకు వేయకండి. అడుగున తడి ఉంటుంది. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం.

14. చేరాక గ్లాసు పట్టుకునేముందు పావుగంట కూర్చోండి. ముందు నీళ్లు. జిప్ సంచిలో తడిపి తెచ్చుకున్న తువాలుతో మెడ, చేతులు తుడుచుకుని పొడి టీషర్టు మార్చుకోండి. చెమట వాసన పోవాలని సెంటు మాత్రం కొట్టుకోకండి. వైన్ రుచిలో సగం వాసనే; మీ సెంటు పక్కబల్ల వాళ్ల రుచి కూడా చెడగొడుతుంది. పెడల్‌కు తగులుకునే బూట్లు సిమెంటు నేల మీద జారతాయి, తేలికపాటి చెప్పులు సంచిలో ఉంచండి. 21 ఏళ్లు దాటినట్టు చూపే గుర్తింపు కార్డు నెరిసిన జుట్టు వాళ్లూ తెచ్చుకోవాలి.

15. లెక్క పెట్టుకోండి. రుచికి పోసేది ఒక్కోసారి 30 నుంచి 45 మిల్లీలీటర్లు. ఐదు రకాలంటే 150 నుంచి 225. ఇక్కడి వైన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉండటం మామూలే కనుక అది ఒకటి నుంచి రెండు పూర్తి గ్లాసుల కింద లెక్క. ఒక గ్లాసును అరిగించడానికి ఒంటికి గంట పడుతుంది. నీళ్లు ఎండిన ఒంట్లో ఇంకా త్వరగా ఎక్కుతుంది. బల్ల మీద కనిపించే చిన్న బకెట్ ఉమ్మడానికే, వాడితే ఎవరూ తప్పుపట్టరు. ఇద్దరు ఒక టేస్టింగ్ పంచుకోవడం ఇంకా మేలు, డబ్బూ మిగులుతుంది. ఇన్సులిన్‌గానీ, చక్కెర దించే కొన్ని రకాల మాత్రలుగానీ వాడేవాళ్లకు ఇంత తొక్కాక తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. ముందు డాక్టరును అడగండి. ఆ రోజు ద్రాక్షరసంతో కూర్చున్నా స్నేహానికి వచ్చే లోటేమీ లేదు.

16. బయటి తిండి తేనిస్తారో లేదో, ఎంతమంది దాటితే ముందుగా చెప్పాలో ఫోన్ చేసి కనుక్కోండి. తెచ్చుకోనిస్తే పప్పుచెక్కలు, జంతికలు, ఉప్పు జీడిపప్పు. పులిహోర కారులో వచ్చేవాళ్లకు అప్పగించండి. ఆవకాయ నాకు ప్రాణమే కానీ దాని ముందు ఏ వైన్ నిలబడదు. మూత తీయడం కారెక్కాక.

17. కోతల కాలంలో పసుపుచారల కందిరీగలు తీపి వాసనకు మూగుతాయి. గ్లాసు మీద కాగితం కప్పండి, హెల్మెట్ పెట్టుకునేముందు దులపండి. సాళ్లలోకి వెళ్లి గుత్తులు తెంపకండి. అవి ఆ ఇంటి పంట, పైగా గింజలూ మందపు తోలూ తప్ప తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫొటో తీసేటప్పుడు ఒకటి గమనించండి: ఆకు పసుపు తిరిగితే రుతువు. ఆకంతా ఎర్రబడి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, అంచులు కిందికి చుట్టుకుంటే చాలాసార్లు వైరస్ తెగులు. అందరూ ఎగబడి ఫొటో తీసుకునే తీగ చాలాసార్లు అదే.

18. చొక్కా మీద వైన్ ఒలికితే రుద్దకండి. కాగితంతో అద్ది, చల్లటి నీళ్లు పోసి, ఉప్పు చల్లి ఉంచండి. మరక పూర్తిగా పోయేదాకా డ్రయ్యర్‌లో వేయకండి, వేడికి అతుక్కుపోతుంది. పిక్క మీద చైను మసికి ముందు కాస్త వంటనూనె, పంచదార కలిపి రుద్ది తర్వాత గిన్నెల సబ్బు. మెత్త నిక్కరు తిరగేసి ఉతికి నీడన ఆరేయండి. బట్టలు మెత్తబరిచే ద్రవం దానికి పడదు, చెమట పీల్చే గుణం పోతుంది.

19. నచ్చిన సీసా సైకిల్ మీద తేవాలనుకోకండి. 750 మిల్లీలీటర్ల సీసా గాజుతో కలిపి కిలో పైమాటే. వీపు సంచిలో రెండు ఉంటే సైకిల్ తూగుతుంది, పడితే గాజు వెన్నుకే గుచ్చుకుంటుంది. కారు వాళ్లకివ్వండి, లేదా ఇంటికి పంపమనండి. పార్సిల్ వచ్చినప్పుడు 21 దాటినవాళ్లు కార్డు చూపించి సంతకం పెట్టాలి. ఆ వేళ ఇంట్లో ఉండేది ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారైతే, డబ్బాలో ఏముందో ముందే చెప్పి ఉంచండి.