పుష్పకైంకర్యము – బంతి మడుల కూర్పు

భగవదారాధనమున పుష్పమునకు గల స్థానము ఆస్తిక మహాశయులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పత్రమో, పుష్పమో, ఫలమో, జలమో భక్తితో సమర్పించిన చాలునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయమున సెలవిచ్చినాడు. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తులవారు, శ్రీరంగమున విప్రనారాయణులవారు తోటపనినే తపస్సుగా భావించి తరించిరి. ధనుర్యాగమునకై మథురలో ప్రవేశించిన రామకృష్ణులను తన యింట పూజించి మాలలు వేసిన సుదాముడు వేదవేత్త కాడు, మాలాకారుడు. వరము కోరుకొమ్మన్న స్వామిని అతడు భక్తిని, భాగవతుల మైత్రిని, భూతదయను అడిగినట్లు భాగవత దశమస్కంధము చెప్పుచున్నది.

తిరుమలలో అనంతాళ్వారుల చరిత్ర మనకు మరింత దగ్గరిది. శ్రీరంగమున భాష్యకారులు తిరువేంగడముడైయానుకు పూలసేవ చేయువారెవరని సభలో ప్రశ్నింపగా, అడవికి, చలికి వెరచి అందరును మిన్నకుండిరట. అనంతాళ్వారులొక్కరే లేచి బయలుదేరిరి. గర్భవతియైన భార్యతో కూడి కొండపై చెరువు త్రవ్వి, తోట వేసి, దానికి ఆచార్యుని పేరే పెట్టుకొనిరి. వారు వాడిన గునపము నేటికిని స్వామివారి మహాద్వారము వద్ద వ్రేలాడుచున్నది. ఆలయప్రవేశము చేయు భక్తులలో ఎందరు తల యెత్తి దానిని చూతురో గాని, శంఖచక్రాలతో పాటు ఒక త్రవ్వుకోలకు అంతటి గౌరవము దక్కిన చోటు మరియొకటి కానరాదు. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు స్వామి ఆ తోటకు వేంచేయు ఉత్సవమునే బాగ్ సవారి యందురు.

ఈ పీఠికయంతయు ఎందుకనగా, మన నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో పెరడున్న ప్రతి గృహస్థునకును ఈ కైంకర్యములో కొంత పాలు దక్కు అవకాశమున్నది. మల్లె, సంపెంగ మన మెట్టనేలలో శ్రమపడిన గాని దక్కవు. బంతి అట్లు కాదు. చెల్కనేలలోను పూయును, రేగడిలోను పూయును. అయినను పలువురు భక్తులు దీనిని మడులుగా వేయుటకు సంశయింతురు. బంతిపూవు విష్ణుపూజకు తగునా యన్నది వారి సంశయము. ముందుగా దానిని విచారింతము.

అమరకోశమున వనౌషధివర్గమును ఆసాంతము చూచినను బంతి కనబడదు. కారణము నిషేధము కాదు. అమరసింహుని కాలమున ఈ మొక్క మన దేశమున లేదు. దీని పుట్టినిల్లు మెక్సికో. 16వ శతాబ్దమున స్పెయినువారి మూలమున ఐరోపాకు చేరి, తరువాత పోర్చుగీసువారి రాకపోకలతో మన దేశమునకు వచ్చినదని చెప్పుదురు. ఆంగ్లేయులు పెద్దబంతిని ఆఫ్రికన్ మారిగోల్డ్ అనియు, చిన్నబంతిని ఫ్రెంచ్ మారిగోల్డ్ అనియు పిలుతురు. రెండును ఆ దేశములవి కావు. మనవారు పేర్లు పెట్టుటలో ఇంతకంటె నయము. గుండ్రని చెండువలె నున్నదని బంతి యన్నారు. కృష్ణ కావలి కన్నడిగులు చెండుహూవన్నారు. పంక్తి శబ్దమునకు వికృతియైన బంతి వేరు. ఈ బంతిని ఆ బంతిగా, అనగా వరుసగా నాటుటయే మన ప్రస్తుత విషయము.

పరదేశి పూవు గనుక పనికిరాదందురా? అట్లయిన నేడు ఎన్నో ఆలయములలో మాలలకు వాడుచున్న నేలసంపెంగ, అంగడిలో లిల్లీ యని పిలుచునది, అదియు మెక్సికో నుండి వచ్చినదే. దేవుని పేరే పెట్టుకొన్న దేవగన్నేరు అమెరికా ఖండపుది. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపపుది. ఇక మన వంటింటి మిరపకాయ సంగతి చెప్పనక్కరలేదు. పాతకాలపు పట్టికలలో లేదను మాత్రమున ఒక పూవు దోషయుక్తము కాజాలదు. అయితే ఒక నియమము పాటింపవలెను. ఆలయమున మూలమూర్తికి ఏ పూవు సమర్పింపవలెనన్నది ఆయా ఆలయపు ఆగమమునకు, సంప్రదాయమునకు సంబంధించినది. వైఖానసమైనను, పాంచరాత్రమైనను అక్కడి అర్చకస్వాములను అడిగి తెలిసికొనవలెనే గాని, మాల కట్టుకొనిపోయి వేయుమని పట్టుబట్టరాదు. ఇంటి పూజకు, ద్వారతోరణమునకు, ఉత్సవపు పందిళ్ళకు, గోదాదేవి చిత్రపటమునకు బంతి నిరభ్యంతరముగా వాడవచ్చునని నా అభిప్రాయము. తులసి మాత్రము తప్పనిసరి. తులసి లేక బుట్టెడు బంతి యున్నను పూజ వెలితియే.

ఇక మడుల కూర్పు. ఉద్యానముల గూర్చి మన పూర్వులు చెప్పనిది లేదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కలదు. సురపాలుని వృక్షాయుర్వేద గ్రంథము ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయపు వ్రాతప్రతిగా నుండి, 1996లో సికింద్రాబాదు నుండి ఆంగ్లానువాదముతో వెలువడినది. బంతి పేరు వానిలో లేకున్నను, నేల నెరిగి నాటవలెనను మాట వానిలో నున్నది.

మన నేల రెండు విధములు. చెల్కనేల నీటిని నిలుపదు. అందుచేత మడిని నేలమట్టమునకు అంగుళమో, రెండంగుళములో పల్లముగా చేసి చుట్టును గట్టు వేయవలెను. నల్లరేగడి నీటిని వదలదు. అక్కడ మడిని జానెడెత్తు లేపి, ప్రక్కన కాలువ తీయవలెను. ఒకే ఊరిలో రెండు పొలములకు రెండు పద్ధతులు కావలసి యుండగా, పట్టణమున చూచి వచ్చిన పద్ధతిని అంతటను అనుసరించినచో రేగడిలో వేరు కుళ్ళును, చెల్కలో మొక్క ఎండును. చెల్కకు పశువుల ఎరువుతో పాటు వేసవిలో చెరువు పూడికమట్టి నాలుగు తట్టలు కలిపినచో అంతకు మించిన బలము లేదు.

మడి వెడల్పు మూడడుగులకు మించరాదు. ఇరువైపుల నుండి చేయి నడుమ వరకు అందవలెను. మడిలో కాలు మోపి పూలు కోయు పని పెట్టుకొనరాదు. మడికి మడికి నడుమ రెండడుగుల బాట విడువవలెను. పెద్దబంతి, అనగా ముద్దబంతి, రెండు మూడడుగులు పెరుగును గనుక మొక్కకు మొక్కకు అడుగున్నర దూరము కావలెను. ఎరుపు, గోధుమవన్నెల చిన్నబంతి అడుగు లోపలనే నిలుచును. దానికి జానెడు చాలును. వాకిటి మడులకు చిన్నబంతి అంచు కట్టి, లోపల పసుపు ఒక వరుస, నారింజ ఒక వరుస వేసినచో చూపునకు పట్టుపంచె అంచువలె నుండును. రంగులను కలగాపులగముగా చల్లుట నాకు రుచింపదు. కోయునప్పుడును తికమక, మాల కట్టునప్పుడును తికమక.

తులసికోట యున్న పెరడులో మరొకటి గమనింపవలెను. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలి యుండును. నీడ ఉత్తరమునకు పడును. కావున తులసికి ఉత్తరమున పెద్దబంతి, దక్షిణమున చిన్నబంతి వేయవలెను. తారుమారు చేసినచో ధనుర్మాసమంతయు తులసి నీడలో మ్రగ్గును.

కాలనిర్ణయము ముఖ్యము. విత్తనము వారము లోపల మొలచును. నారుమడిలో 25 దినములు, నాటిన పిదప సుమారు 60 దినములు, వెరసి మూడు మాసములకు కొద్ది తక్కువగా పూత మొదలగును. రకమును బట్టి మరికొంత ఆలస్యము కావచ్చును. కావున కావలసిన పర్వము నుండి మూడు మాసములు వెనుకకు లెక్కించుకొనవలెను. బతుకమ్మకు, దసరాకు జూలై మొదట. దీపావళి వెళ్ళిన పిదప జరుగు కురుమూర్తి జాతరకు ఆగస్టు మొదట. మాఘమాసపు మన్యంకొండ ఉత్సవములకు, ఫాల్గుణమున యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవములకు తోరణములు పంపదలచువారు కార్తిక మార్గశిరములలో విత్తుకొనవలెను.

గృహస్థులకు అన్నిటికంటె అనువైనది ధనుర్మాసము. రాత్రులు చల్లబడి పగలు కురుచయగు ఈ కాలమున బంతి నిండుగా పూయును. డిసెంబరు 16 ప్రాంతమున నెలపట్టి భోగినాటి గోదాకల్యాణము వరకు ప్రతిదినము నాలుగు మూరల మాల ఒకటి కావలెననుకొందము. తొడిమ వైపు నుండి దారము గ్రుచ్చి దగ్గరగా పేర్చినచో దానికి 60 పూలు పట్టును. ముప్పది దినములకు 1,800. ఒక మొక్క ఆ మాసమున 20 పూలు ఇచ్చునని తగ్గించియే లెక్కవేయుదము. 90 మొక్కలు కావలెను. పురుగునకు, పిల్లలకు, పొరుగింటివారికి పోను 120 నాటుకొనవలెను. మూడడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల మడిలో రెండు వరుసలుగా 20 మొక్కలు పట్టును. ఆరు మడులు చాలును. బాటలు కాక నేల 270 చదరపు అడుగులు మాత్రమే. ఆరు మడులకును ఒకేనాడు విత్తరాదు. సెప్టెంబరు 10న రెండింటికి, 20న రెండింటికి, 30న రెండింటికి నారు పోసినచో పూత ఒకదాని వెంట ఒకటి అందుకొనును. భోగి నాటికి బుట్ట వట్టిపోదు.

నాటిన నెల దినములకు మొక్క అడుగెత్తు కాగానే నడితల తుంచవలెను. ఇంటి ఆడవారికి ఈ పని మనసొప్పదు. మొగ్గ వేయబోవు కొనను తుంచుట పాపమని తలంతురు. తుంచనిచో ఒక కాడ, నాలుగు పూలు. తుంచినచో ప్రక్కకొమ్మలు విచ్చుకొని మొక్క గుబురగును. పూత వారమో పది దినములో వెనుకబడును. దానిని పై లెక్కలో చూచుకొనవలెను.

నీరు మొదట పోయవలెను గాని పూలపై చల్లరాదు. తడిసిన పూవు లోపల కుళ్ళి నల్లబడును. పొడి దినములలో ఆకుల అడుగున ఎర్రనల్లి పట్టును. ఆకు అడుగు తగులునట్లు నీరు కొట్టి, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి నానబెట్టి వడకట్టిన కషాయము సాయంకాలము చల్లిన చాలును. అంగడి పూలపై ఏ మందు ఎన్నడు చల్లిరో మనకు తెలియదు. పెరటి పూవునకు గల శుచిత్వములో ఇది యొక భాగమని ఈ కాలమున చెప్పక తప్పదు. బంతివేరు నుండి వెలువడు ఒక ద్రవ్యము నేలలోని నులిపురుగులను అణచునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బంతి తీసిన మడిలో వంగ, టమాటా వేయువారికి ఇది లాభము.

పూవును స్నానానంతరము, ఎండ ఎక్కకముందే కోయవలెను. రాత్రి కోయరాదు, వాసన చూడరాదు, నేలరాలినది ఏరరాదు. మనము ఒక పూవు అనుకొనునది నిజమునకు ఒక పూవు కాదు. ఒక్కొక్క రేకును ఒక్కొక్క చిరుపూవు. నూటికి పైగా పూలు ఒకే గిన్నెలో ఒదిగి యున్నవి.

నిర్మాల్యమును కాలువలలో, చెరువులలో కలిపి నీటిని చెరుపరాదు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021 నుండి ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నారు. ఇంటిలో నయినచో కాలు త్రొక్కని మూల ఒక గుంట త్రవ్వి అందు వేసి మట్టి కప్పినచో వచ్చే యేటి మడులకు ఎరువగును.

సంక్రాంతి దాటిన పిదప నిండుగా, ముద్దగా పూచిన నాలుగు మొక్కలను విత్తనమునకు విడువవలెను. సంకరజాతి విత్తనమైనచో మరుసటి యేడు అదే పూవు రాదు. నాటురకమో, ఢిల్లీ పరిశోధనాసంస్థవారి పూసా నారంగి, పూసా బసంతి వంటి రకములో అయినచో వచ్చును. పూవు కాడతో సహా ఎండిన పిదప కోసి, నీడన ఆరబెట్టి, రేకులు దులిపి, సూదులవలె నుండు నల్లని గింజలను గుడ్డసంచిలో కట్టి, చీటీపై రంగు వ్రాసి, చెమ్మ తగులని చోట వ్రేలాడదీయవలెను.