ఆకుపచ్చ సాస్‌లో ఆకుపచ్చ ఎక్కడిది?

చౌమీన్ బండి మీద మూడు సీసాలు వరసగా కనిపిస్తాయి. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నల్లది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కునగరంలోనైనా, విశాఖపట్నంలోనైనా ఈ వరస పెద్దగా మారదు. పిల్లల చూపు ముందుగా పడేది ఆ ఎరుపు, ఆకుపచ్చల మీదే. ఈ రంగుల్లో కొన్ని పంట నుంచి వస్తాయి, కొన్ని రసాయన కర్మాగారాల్లో తయారవుతాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతవరకు తినవచ్చు, పిల్లల విషయంలో ఆ లెక్క ఎందుకు మారుతుంది అనేవి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన సంగతులు.

పిల్లల కోసం ఊదారంగు కెచప్

2000లో అమెరికాలో హైంజ్ కంపెనీ పిల్లల కోసమే ఒక కొత్త కెచప్ తెచ్చింది. దాని రంగు ముదురు ఆకుపచ్చ. చిన్న చేతులతో నొక్కడానికి వీలైన సీసా, తిండి మీద బొమ్మలు గీయడానికి సన్నటి మూతి దాని ప్రత్యేకతలు. మరుసటి ఏడాది ఊదారంగు, ఆ తర్వాత గులాబీ, నారింజ, నీలం వచ్చాయి. ఏ రంగు ఉందో మూత తీసేదాకా తెలియని సీసాలు కూడా అమ్మారు. మొదట్లో కోట్ల సంఖ్యలో సీసాలు అమ్ముడుపోయాయి. కొన్నేళ్లకు కొత్తదనం తగ్గింది, 2006 నాటికి ఆ సరుకు అంగళ్లలో లేకుండా పోయింది.

ఇన్ని రంగులు మారినా రుచి మాత్రం కెచప్ రుచే. అంటే పిల్లలకు అమ్మినది కొత్త రుచి కాదు, కొత్త రంగు. అయినా రంగు మారితే రుచి కూడా మారినట్టే అనిపించడానికి కారణం మెదడు. నాలుక చెప్పేదానికి ముందే కన్ను ఒక అంచనా ఇస్తుంది. 1980లో డ్యూబోస్ అనే పరిశోధకురాలి బృందం చెర్రీ రుచి గల పానీయానికి వేరే రంగులు కలిపి ఇచ్చింది. నారింజ రంగులో ఉన్నదాన్ని తాగిన కొందరు అది నారింజ రసం అన్నారు, ఆకుపచ్చగా ఉన్నదాన్ని తాగిన కొందరు నిమ్మజాతి రసం అన్నారు. రంగులు వేసి అమ్మే తినుబండారాలన్నీ ఈ స్వభావం మీదే ఆధారపడతాయి.

గోంగూర చెప్పే పాఠం

టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్ అనే సహజ పదార్థం. వేడికి, పులుపుకు అది బాగానే తట్టుకుంటుంది. అందుకే పండిన టమాటాలు తగినన్ని వేసి చేసిన కెచప్‌కి బయటి రంగు అవసరం ఉండదు. భిలాయ్ ఉన్న దుర్గ్ జిల్లాలో ధమ్ధా ప్రాంతం టమాటా సాగుకు పేరు పొందింది. అక్కడి పండు ఉడికినా ఎర్రగానే ఉంటుంది. టమాటా తగ్గించి గుమ్మడి గుజ్జు, పిండి కలిపిన చౌక సాస్‌కి మాత్రం ఎరుపు కోసం రంగు కావలసి వస్తుంది.

ఆకుపచ్చ సంగతి వేరు. గోంగూర వండేవారందరికీ ఇది అనుభవమే. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే పచ్చటి ఆకు రంగు మారి గోధుమవన్నెకు తిరుగుతుంది. ఆకుల్లోని పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. పులుపు, వేడి కలిసినప్పుడు ఆ మెగ్నీషియం బయటికి పోయి దాని స్థానంలో హైడ్రోజన్ చేరుతుంది. దాంతో పచ్చదనం పోయి మాసిన ఆకుపచ్చ రంగు వస్తుంది. గోంగూరలోనే పులుపు ఉంది కాబట్టి ఈ మార్పు త్వరగా జరుగుతుంది.

పచ్చిమిర్చి సాస్‌లోనూ ఇదే జరుగుతుంది. అందులో వెనిగర్ పులుపు ఉంటుంది, తయారీలో వేడి తగులుతుంది. కాబట్టి మిరపకాయ పచ్చదనం నెలల తరబడి సీసాలో చెక్కుచెదరకుండా ఉండడం కష్టం. చిలకపచ్చగా మెరిసే సాస్‌లో చాలాసార్లు ఆ మెరుపు మిరపకాయది కాదు. కొన్ని సీసాల లేబుల్ మీద 102, 133 అనే అంకెలు కనిపిస్తాయి. 102 అంటే టార్ట్రాజిన్ అనే పసుపు రంగు, 133 అంటే బ్రిలియంట్ బ్లూ అనే నీలం. ఈ రెండూ కలిస్తే ఆకుపచ్చ అవుతుంది.

ఊదారంగుదీ ఇలాంటి ఇబ్బందే. నేరేడు పండు తొక్కలో ఉండే ఆంథోసయనిన్లు పులుపు తగిలితే ఎరుపు వైపు తిరుగుతాయి. కెచప్ పుల్లగా ఉంటుంది కాబట్టి వాటితో నిలకడైన ఊదారంగు రాబట్టడం కష్టం. అందుకే ఇలాంటి విచిత్ర వర్ణాల కోసం తయారీదారులు పులుపుకు మారని కృత్రిమ రంగులను ఆశ్రయిస్తారు.

తారు నుంచి రంగు దాకా

కృత్రిమ రంగుల చరిత్ర భిలాయ్ పిల్లలకు బాగా దగ్గరగా ఉన్న చోట మొదలవుతుంది. సోవియట్ సహకారంతో కట్టిన అక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడి సెక్టార్లలో స్థిరపడ్డాయి. ఆ ఇళ్లలో కోక్ ఓవెన్ అనేది కొత్త మాట కాదు.

కోక్ ఓవెన్‌లో బొగ్గును గాలి తగలకుండా సుమారు వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. మిగిలిన గట్టి కోక్ బ్లాస్ట్ ఫర్నేస్‌కు వెళుతుంది. బయటికి వచ్చే వాయువుల నుంచి తారు, అమ్మోనియా, బెంజీన్, నాఫ్తలీన్ వంటివి వేరు చేస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో తారును చాలాకాలం పనికిరాని మురికిగానే చూశారు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయాడు. తారు నుంచి వచ్చిన అనిలీన్‌తో చేసిన ఆ ప్రయోగంలో మందు రాలేదు, అందమైన ఊదారంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడి నుంచి ఎదిగింది. టార్ట్రాజిన్ 1884లో వచ్చింది. సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ వంటి ఆహార రంగుల అణువుల్లో నాఫ్తలీన్ చట్రం నేటికీ ఉంది. ఇప్పుడు ఇలాంటి ముడిసరుకు ఎక్కువగా పెట్రోలియం నుంచి వస్తోంది.

తారు నుంచి పుట్టింది కాబట్టి విషమే అనుకోవడం సరికాదు. ఆస్పిరిన్, పారాసిటమాల్ మూలాలు కూడా ఇదే రసాయన కుటుంబంలో ఉన్నాయి. అణువు మారితే గుణం మారుతుంది. అలాగని ప్రభుత్వం అనుమతించింది కాబట్టి ఎంత తిన్నా పరవాలేదనుకోవడమూ పొరపాటే. ఏ రంగు, ఏ పదార్థంలో, ఎంత మోతాదులో అన్న మూడు ప్రశ్నలూ అడగాలి.

చట్టం గీసిన గీత

మన దేశంలో ఆహారంలో వాడటానికి చాలాకాలంగా ఎనిమిది కృత్రిమ రంగులకు అనుమతి ఉంది. ఎరుపుకు పొన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపుకు టార్ట్రాజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలానికి ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. వీటినైనా ఐస్‌క్రీమ్, బిస్కెట్లు, మిఠాయిలు, జామ్, శీతల పానీయాల వంటి నిర్ణీత పదార్థాల్లోనే వేయాలి. చాలా పదార్థాల్లో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకూడదు.

రోడమైన్-బి అనే గులాబీ రంగు ఈ జాబితాలోనే లేదు. అది బట్టలకు, కాగితాలకు వేసే రంగు. పీచు మిఠాయిలో అది దొరకడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక పీచు మిఠాయిలో రోడమైన్-బిని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అక్కడ పరీక్షించిన 171 గోబీ మంచూరియా నమూనాల్లో 107 సురక్షితం కాదని తేలింది. వాటిలో దొరికిన రంగుల్లో టార్ట్రాజిన్, సన్‌సెట్ ఎల్లో కూడా ఉన్నాయి. మిఠాయిలో అనుమతి ఉన్న రంగే బండి మీది వంటకంలో చట్టవిరుద్ధం కావచ్చని ఈ ఉదాహరణ చెబుతోంది.

పిల్లల బరువు, రంగు లెక్క

జీవితాంతం రోజూ తిన్నా హాని ఉండదని నిపుణులు అంచనా వేసిన మోతాదును దినసరి ఆమోద పరిమితి అంటారు. ఇది శరీర బరువును బట్టి ఉంటుంది. ఆహార సంకలితాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఎరిత్రోసిన్‌కు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము, టార్ట్రాజిన్‌కు 10 మిల్లీగ్రాములు అని పరిమితి పెట్టింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 15 కిలోల పిల్లవాడికి ఎరిత్రోసిన్ పరిమితి రోజుకు 1.5 మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకున్నట్టే కిలోకు 100 మిల్లీగ్రాముల రంగున్న మిఠాయి అయితే, 15 గ్రాములు తినేసరికి ఆ పరిమితి పూర్తవుతుంది. 60 కిలోల పెద్దవారికి అదే పరిమితి చేరడానికి 60 గ్రాములు తినాలి. టార్ట్రాజిన్ విషయంలో ఆ పిల్లవాడు కిలోన్నర తినాల్సి ఉంటుంది. కాబట్టి అన్ని రంగులూ ఒకటి కావు, అన్ని వయసులూ ఒకటి కావు. ఒక రోజు పరిమితి దాటితే జబ్బు చేస్తుందని దీని అర్థం కాదు. పరిమితిలో భద్రత కోసం చాలా వెసులుబాటు ఉంటుంది. రోజూ దాటుతూ ఉండడమే ఆలోచించాల్సిన విషయం.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ నగరంలోని పిల్లలు తినే రంగుల మోతాదును లెక్కించి 2004లో ప్రచురించారు. టార్ట్రాజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్‌ల విషయంలో కొందరు పిల్లలు పరిమితి దాటుతున్నట్టు అందులో తేలింది. కొన్ని తినుబండారాల్లో రంగు మితిమీరి వేయడమే అందుకు కారణం.

పిల్లల ప్రవర్తన మీద రంగుల ప్రభావం ఇంకా చర్చనీయాంశమే. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం మూడేళ్ల పిల్లలు 153 మందిని, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు 144 మందిని పరిశీలించింది. కొన్ని రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు తాగినప్పుడు అతి చురుకుదనం సగటున కొద్దిగా పెరిగింది. ప్రభావం చిన్నదని, పిల్లవాడిని బట్టి మారుతోందని, ఏ రంగు వల్లో విడదీసి చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ అభిప్రాయపడింది. అయినా 2010 జులై నుంచి ఐరోపాలో ఆ ఆరు రంగులున్న ఆహారం మీద పిల్లల ఏకాగ్రతకు సంబంధించిన హెచ్చరిక తప్పనిసరి అయింది. అమెరికా 2025 జనవరిలో ఆహారంలో ఎరిత్రోసిన్‌కు అనుమతి రద్దు చేసింది.

ఇంట్లో చేసి చూడండి

ఈ రెండు ప్రయోగాలూ పెద్దవారి సాయంతో చేయాలి. వాడిన సాస్‌ను మళ్లీ తినకూడదు.

మొదటిది, రంగును విడదీయడం. ఆకుపచ్చ సాస్‌ను కొద్ది నీటిలో కలిపి గుడ్డతో వడకట్టాలి. వడపోత కాగితాన్ని సన్నగా కత్తిరించి, అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల పైన ఆ ద్రవంతో ఒక చుక్క పెట్టి ఆరనివ్వాలి. అదే చోట నాలుగైదుసార్లు పెట్టాలి. గ్లాసులో కొంచెం ఉప్పు కలిపిన నీరు పోసి, చుక్క మునగకుండా కాగితం అడుగు అంచును ముంచాలి. నీరు పైకి పాకుతుంటే పసుపు, నీలం వేర్వేరు వేగాలతో కదులుతాయి. ఆ ఆకుపచ్చ రెండు రంగుల మిశ్రమమైతే అవి విడిపోవడం కనిపిస్తుంది.

రెండోది, ఉన్ని పరీక్ష. రెండు చెంచాల సాస్‌ను అర గ్లాసు నీటిలో కలిపి వడకట్టి, ఒక చెంచా వెనిగర్ వేయాలి. తెల్ల ఉన్ని దారం, తెల్ల నూలు దారం రెండూ వేసి పాత గిన్నెలో పది నిమిషాలు సన్నని మంట మీద ఉంచాలి. తర్వాత మంచినీటితో బాగా కడగాలి. ఆహారంలో వాడే కృత్రిమ రంగులకు పులుపులో ఉన్ని ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకునే గుణం ఉంది, నూలును అవి అంతగా పట్టవు. ఉన్నికి మాత్రమే రంగు నిలిస్తే కృత్రిమ రంగు ఉందని అనుమానించవచ్చు. పసుపు వేసిన పదార్థమైతే రెండు దారాలూ పచ్చబడతాయి. ఈ పరీక్ష రంగు ఉందని సూచిస్తుందే తప్ప అది ఏదో, ఎంతో చెప్పలేదు. ఆ పని ప్రయోగశాలది.

సీసా కొనేముందు

- అనుమతించిన కృత్రిమ రంగు ఉందని లేబుల్ మీద రాసి ఉందేమో చూడాలి. 102, 110, 122, 124, 127, 132, 133, 143 అనే అంకెలు కృత్రిమ రంగులవి.
- పదార్థాల జాబితాలో టమాటా లేదా మిరపకాయ ఎన్నో స్థానంలో ఉందో గమనించాలి. ఎక్కువగా వేసినది ముందు రాస్తారు.
- ఒకే రోజు రంగు మిఠాయి, రంగు పానీయం, రంగు సాస్ అన్నీ పిల్లల నోట్లో పడకుండా చూడాలి. మోతాదు కలిసి పెరుగుతుంది.
- లేబుల్ లేని సీసాల్లోని, చేతికి అంటి కడిగినా పోని రంగు పదార్థాలను మానుకోవాలి. అనుమానం ఉంటే జిల్లా ఆహార భద్రతా అధికారికి, లేదా ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

ఛత్తీస్‌గఢీలో టమాటాను పతాల్ అంటారు. అక్కడి పతాల్ చట్నీ, మన టమాటా పచ్చడి, పుదీనా పచ్చడి రోజు గడిచేసరికి కొంత రంగు తగ్గుతాయి. పుదీనా పచ్చడి మాసినట్టు కనిపిస్తే అది పాడైపోయిందని కాదు, అందులోని పత్రహరితం పులుపుకు మారిందని అర్థం. ఈ సంగతి పిల్లలకు చెబితే, ఎన్నాళ్లైనా రంగు మారని సీసాను చూసినప్పుడు ఎందుకు మారలేదని వాళ్లే అడుగుతారు.