కలంకారీ: ఓర్పు నేర్పిన వర్ణవిద్య

'కలం' అనగా లేఖిని. 'కారీ' అనగా పని. ఈ పారశీక పదాలు మన ఉర్దూ తరగతికీ, తెలుగు తరగతికీ సమానంగా పరిచితాలు. తెలుగునాట ఈ కళకు 'వ్రాతపని' అనే పేరు కూడా కలదు. మచిలీపట్నం ప్రాంతంలో చెక్క అచ్చులతో అద్దకం సాగగా, శ్రీకాళహస్తిలో చిత్రకారుడు కలంతోనే వస్త్రంపై చిత్రిస్తాడు. ఈ రెండవ పద్ధతిని మనమిక్కడ పరిశీలింతము.

మొదట నూలుబట్టను ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉన్నది. పాలలోని కొవ్వు, గీసిన రంగు చెదరి ప్రాకకుండా కాపాడుతుంది. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో తొలిరేఖలు దిద్దుతారు. కలమనగా మొనదేలిన వెదురుపుల్ల. దానికి చుట్టిన ఉన్నిని వ్రేళ్లతో నొక్కగా రంగు మొనకు జారుతుంది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో పులియబెట్టగా వచ్చిన ద్రవంతో గీసినప్పుడు, ఇనుము టానిన్‌తో కలిసి చెరగని నలుపు ఏర్పడుతుంది.

ఎరుపు విషయం మరింత విచిత్రమైనది. ఎరుపు కావలసిన చోట చిత్రకారుడు పటికనీటిని పూస్తాడు. అది దాదాపు వర్ణరహితం. వస్త్రాన్ని ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, చిరివేరుతోనో మంజిష్ఠతోనో ఉడికించినప్పుడు, పటిక తాకిన చోటనే ఎరుపు స్థిరపడుతుంది. అనగా రంగు కానరాకముందే చిత్రం అతని మనస్సులో పూర్తి కావలెను. పిమ్మట కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్కల వంటివాటితో పసుపును, నీలిమందుతో నీలాన్ని సమకూర్చుతారు.

యంత్రవస్త్రాల వెల్లువలో ఈ విద్య అంతరించనున్న దశలో, 1950వ దశకంలో కమలాదేవీ ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలసింది. అచటి చిత్రకారులలో జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

అయినను గండం గడవలేదు. కృత్రిమ రంగులతో యంత్రాలు ముద్రించిన వస్త్రాలు నేడు అదే పేరుతో అమ్ముడుపోతున్నవి. వారాల తరబడి శ్రమించిన చేతికి ఆ ధరలతో పోటీపడడం సాధ్యమా? చేతిగీత ఒకచోట లావుగాను, ఒకచోట సన్నముగాను సాగుతుంది. ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒక్కటి కావు. యంత్రముద్రణలో ఒకే పువ్వు మరల మరల కనిపిస్తుంది. ఈ తేడాను గుర్తించగల కన్ను కొనుగోలుదారునికి లేనియెడల, ఎంతటి పురస్కారమైనను ఈ కళను నిలుపజాలదు. అట్టి చూపును అలవరచుకొనుట విద్యార్థులమైన మన వంతు.