పెట్రోలు కరవైన రోజులు

అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో “గ్యాస్ దొరకడం లేదమ్మా” అంటే ఇక్కడ తల్లి వంట సిలిండరు అనుకుంటుంది. అక్కడ గ్యాస్ అంటే కారులో పోసే పెట్రోలు. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని దాటిన తరువాత, తెలుగువారు ఎక్కువగా ఉండే ఎడిసన్ ప్రాంతంలో ఈ కరవు వచ్చింది. మన విచారణలలో ఎన్నో కుటుంబాల పిల్లలు విదేశాలలో ఉన్నారు గనుక ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

కరవు ఎందుకు వచ్చింది? బంకు కింద తొట్టెలో పెట్రోలు ఉంది. పైకి తోడే మోటారుకు కరెంటు లేదు. ఆ రాష్ట్రంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు విద్యుత్తు పోయింది. కరెంటు ఉన్నచోటికి సరుకు రాలేదు. రేవు మూతపడింది, లిండెన్‌లోని చమురు శుద్ధి కర్మాగారం ఆగిపోయింది. 2014లో హుద్‌హుద్ తరువాత విశాఖ బంకుల ముందు నిలబడినవారికి ఇది కొత్త కాదు. దీనికి తోడు మన భయం ఒకటి. సగం టాంకు ఉన్నవాడు కూడా ఎందుకైనా మంచిదని వరుసలో చేరితే, నిజంగా అవసరమైనవాడు వెనకబడతాడు.

నవంబరు 3 మధ్యాహ్నం నుండి 12 కౌంటీలలో సరి–బేసి పద్ధతి పెట్టారు. బండి నంబరు చివరి అంకె సరి అయితే సరి తేదీన, బేసి అయితే బేసి తేదీన మాత్రమే పెట్రోలు. 13వ తేదీ వరకు ఇది నడిచింది. ఇలాంటప్పుడు సరి నంబరు ఇల్లు, బేసి నంబరు ఇల్లు జత కడితే ప్రతిరోజూ ఒక బండి కదులుతుంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆమె, డయాలసిస్‌కు వెళ్ళవలసిన పెద్దాయన ఆ వీధిలో ఉంటే, మొదటి లీటరు వారిదే.

మరి ఆదివారం పూజ? బండిలో చోటున్న పొరుగువారిని ముందు అడగాలి. దారి ఏదీ లేకపోతే మనసు కలత పెట్టుకోనక్కరలేదు. గంభీరమైన కారణంచేత పూజలో పాల్గొనడం అసాధ్యమైనప్పుడు కుటుంబంగా ప్రార్థనలో గడపమని శ్రీసభ చట్టం 1248వ నిబంధన సూచిస్తుంది.

అసలు ప్రాణాపాయం మరొకటుంది. ఆ వారంలో చలి ముదిరింది, 7వ తేదీన మంచు కూడా కురిసింది. కరెంటు లేని ఇంట్లో జెనరేటరు లోపల పెట్టుకున్నా, మూసిన గ్యారేజీలో కారు నడిపినా కార్బన్ మోనాక్సైడ్ వాయువు చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత, అంతే. ఫ్లూ అనుకుని పడుకున్నవారు లేవరు. శాండీ తరువాత ఈ విధంగా మరణించినవారున్నారు. జెనరేటరు ఇంటి బయట, కిటికీలకు దూరంగా ఉండాలి. బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేకూడదు. పెట్రోలును నీళ్ళ సీసాలలో దాచకూడదు. దానికని చేసిన డబ్బాలోనే, ఇంటికి వెలుపల ఉంచాలి. తుపాను హెచ్చరిక రాగానే టాంకు నింపుకుంటే వీటిలో సగం బాధ తప్పుతుంది.

ఇక్కడి తల్లిదండ్రులకు ఒక మాట. గంటగంటకూ ఫోను చేయకండి. కరెంటు లేనప్పుడు పిల్లలు ఆ ఫోనును చార్జి చేసుకునేది కారులోనే, ఆ కొద్ది పెట్రోలుతోనే. రోజుకు ఒక వేళ అనుకుని, ఆ వేళకే మాట్లాడండి.