భాషా పాఠం: 'స నె పా ద లా తార్త్' – కష్టాన్ని కష్టమని చెప్పే ఫ్రెంచి మాట

మా వారు బ్యాంకులో చేరిన 26 ఏళ్లలో మేము 9 ఊళ్లు మారాం. కొత్త ఊళ్లో సామాన్లు దింపుకున్న రోజు ఆయన అనే మాట ఒకటే: "ఇదేమంత కష్టం? పది రోజుల్లో సర్దుకుంటాం." ధైర్యం చెప్పడానికే అనేవారు. కాని ఆ మాట విన్నాక, కష్టంగా ఉందని నోరు విప్పి చెప్పడానికి నాకూ పిల్లలకూ మొహమాటంగా ఉండేది.

మా అమ్మాయి ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకుంది. నిరుడు ఎమ్మెస్సీ చదవడానికి ఫ్రాన్స్‌లోని లియోఁ నగరానికి వెళ్లింది. మొదటి రెండు వారాలు ఫోను చేసినప్పుడల్లా "అంతా బాగుంది నాన్నా" అనేది. అసలు సంగతి మూడో వారంలో బయటపడింది. అద్దె గది కోసం వెళితే అక్కడి బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతున్నారు. ఖాతా కోసం బ్యాంకుకు వెళితే చిరునామా రుజువు అడుగుతున్నారు. ఇల్లు లేనిదే ఖాతా లేదు, ఖాతా లేనిదే ఇల్లు లేదు. స్నేహితురాలి గదిలో నేల మీద పడుకుంటూ, మాకు చెప్పకుండా తిరుగుతోందట.

మూడోసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు కౌంటరులో ఉన్న పెద్దావిడ కాగితాలన్నీ చూసి, నిట్టూర్చి, "స నె పా ద లా తార్త్!" అందట. ఆ రాత్రి అమ్మాయి ఫోనులో సగం నవ్వుతూ, సగం ఏడుస్తూ చెప్పింది: "నాన్నా, ఆవిడ నా పని చేసిపెట్టలేదు. కాని ఇది కష్టమేనని ఒప్పుకుంది. అది విన్నాకే నాకు ఊపిరాడింది."

ఆ మాటే ఈసారి మన పాఠం.

మాటకు అర్థం

తార్త్ అంటే పిండితో చేసిన పల్చటి అడుగు మీద పళ్ల ముక్కలు పేర్చి కాల్చే తీపి వంటకం. ఆపిల్ తార్త్ అక్కడ ఇంటింటా చేసుకునేదే. 'స నె పా ద లా తార్త్' అంటే మాటకు మాటగా 'ఇది తార్త్ కాదు' అని. తీపి ముక్క నోట్లో వేసుకున్నంత హాయైన పని కాదు అని భావం.

మనమూ ఇలాగే అంటాం. నల్లేరు మీద బండి నడక అంటే సులువైన పని. "ఇల్లు కట్టడమంటే నల్లేరు మీద నడక కాదు" అన్నామంటే కష్టమని అర్థం. సులువైనదాన్ని ఒకటి ముందు పెట్టి, 'అది కాదు' అనడం రెండు భాషల్లోనూ ఉంది.

పలకడం

ఇందులో త, ద అక్షరాలను మన తెలుగులో లాగే నాలుకను పళ్లకు తాకించి పలకాలి. ఇంగ్లీషు అలవాటు కొద్దీ 'టార్ట్' అనకూడదు. 'స', 'ద' అక్షరాల్లోని అచ్చు మన అకారం కంటే పొట్టిగా, పెదవులు కాస్త గుండ్రంగా చేస్తే వస్తుంది. 'పా' అనే మాట చివర రాతలో ఎస్ ఉంటుంది కాని పలకరు. 'తార్త్' చివర రాసే ఈ అక్షరమూ పలకదు. అయితే అది ఉండబట్టే దాని ముందున్న టీ పలుకుతుంది. తార్త్‌లోని రకారం నాలుక కొసతో కాక గొంతులోంచి రావాలి.

వాడుకలో ఫ్రెంచివారు 'స నె పా'ను కుదించి 'సె పా' అంటారు. 'సె పా ద లా తార్త్' అనేదే మీకు ఎక్కువగా వినిపిస్తుంది. రాసేటప్పుడు మాత్రం పూర్తి రూపమే రాయాలి.

పిల్లలు తప్పు చేసే చోటు

తార్త్ స్త్రీలింగం కనుక దాని ముందు 'ద లా' వచ్చింది. మామూలుగా వాక్యం వ్యతిరేకమైతే ఈ 'ద లా' కాస్తా 'ద' అయిపోతుంది. 'నేను తార్త్ తినను' అనాలంటే 'జ న మాఁజ్ పా ద తార్త్' అంటారు. ఈ సూత్రం నేర్చుకున్న పిల్లలు ఇక్కడ కూడా 'స నె పా ద తార్త్' అని రాసేస్తారు. అది తప్పు. 'ఉండు, అగు' అనే అర్థమిచ్చే క్రియ తర్వాత 'ద లా' మారదు. 'స నె' మాటలో ఉన్నది ఆ క్రియే.

దీనికి ఎదురు మాట కూడా తీపిదే. 'సె ద్యు గాతో' అంటే 'ఇది కేకు', అంటే చాలా సులువు అని. గాతో పుంలింగం కనుక అక్కడ 'ద్యు' వచ్చింది.

కాలాలు, వాడకం

ఇప్పుడు: స నె పా ద లా తార్త్.
అప్పుడు: స నేతే పా ద లా తార్త్.
ఇకముందు: స న సరా పా ద లా తార్త్.

పని పేరును ముందు చెప్పి ఈ మాటను తర్వాత చేర్చితే చాలు. 'అప్రాఁద్ర్ ల ఫ్రాఁసే, స నె పా ద లా తార్త్' అంటే 'ఫ్రెంచి నేర్చుకోవడం అంత సులువేం కాదు' అని. ఇది ఇంట్లో, స్నేహితుల మధ్య, తోటి ఉద్యోగులతో అనే మాట. దరఖాస్తులో, అధికారికి రాసే ఉత్తరంలో వాడరు. అక్కడ 'స నె పా ఫసీల్', అంటే 'ఇది సులభం కాదు' అని రాస్తే మర్యాదగా ఉంటుంది.

దానికి తోడు మరో మాట

'స నె పా లా మేర్ ఆ బ్వార్.' అంటే 'ఇదేమీ తాగాల్సిన సముద్రం కాదు' అని. ఫ్రెంచి కవి లా ఫోంతేన్ 1678లో ప్రచురించిన నీతికథల్లో, నీటిలో తేలుతున్న గాడిద కళేబరాన్ని అందుకోవాలని ఆ నీళ్లన్నీ తాగబోయిన రెండు కుక్కల కథ ఒకటుంది. చేయలేని పనికి సముద్రం తాగడమే గుర్తు.

ఇక్కడ జాగ్రత్త. రెండు మాటలూ 'కాదు' అనే అంటాయి, కాని అర్థాలు ఎదురెదురు. 'తార్త్ కాదు' అంటే కష్టం. 'సముద్రం కాదు' అంటే మరీ అంత కష్టం కాదు, చేయగలం.

ఇది చదివి వినిపిస్తే మా వారు కాసేపు ఊరుకుని, "నేను ఇన్నాళ్లూ మీకు సముద్రం మాటే చెప్పాను, తార్త్ మాట చెప్పనేలేదు" అన్నారు. అమ్మాయికి ఆరో వారంలో విశ్వవిద్యాలయం హాస్టల్లో గది దొరికింది. ఆ పత్రంతో ఖాతా కూడా తెరిచింది. ఈయన బ్రాంచిలో, చిరునామా రుజువు లేక కేవైసీ కోసం తిరిగే వలస కూలీలు ఎందరో. ఈమధ్య వాళ్లతో ముందు "ఇది తిప్పలేనండీ, నాకు తెలుసు" అంటున్నారట. తర్వాతే "రండి, ఉన్న కాగితాలు ఒక్కొక్కటీ చూద్దాం" అంటున్నారట. నిబంధనలు మారలేదు. మనిషి కూర్చుని చెప్పుకునే తీరు మారిందని ఆయనే అన్నారు.

అభ్యాసం

ఫ్రెంచిలో చెప్పండి:
1. పదిమందికి వంట చేయడం అంత సులువేం కాదు.
2. నిన్న అంత సులువుగా లేదు.
3. మరీ అంత కష్టమేం కాదు, చేయగలం.

జవాబులు:
1. క్వీజినే పూర్ ది పెర్సోన్, స నె పా ద లా తార్త్.
2. ఇయేర్, స నేతే పా ద లా తార్త్.
3. స నె పా లా మేర్ ఆ బ్వార్.

ఇంట్లో ఎవరైనా అలసిపోయి వచ్చినప్పుడు ముందు తార్త్ మాట అనండి. సముద్రం మాట తర్వాత చెప్పవచ్చు.